బ్యాంకాక్ చావో ఫ్రాయా నదిలో డిన్నర్ క్రూజ్: బుకింగ్ నుంచి మళ్ళీ రూముకి చేరేదాకా

బ్యాంకాక్ టికెట్లు బుక్ అవ్వగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే, "డిన్నర్ క్రూజ్ ఏది మంచిది?" అని. వైట్ ఆర్కిడ్ బావుంటుందా, చావో ఫ్రాయా ప్రిన్సెస్ బావుంటుందా, వండర్‌ఫుల్ పర్ల్‌కి అంత డబ్బు పెట్టొచ్చా అని నలుగురిని అడిగి, పది వీడియోలు చూసి, చివరికి ఏది చవగ్గా కనిపిస్తే అది నొక్కేస్తారు. కానీ పెద్ద బోట్లన్నీ దాదాపు ఒకే టైముకి ఒకే దారిలో వెళ్తాయండి. అవే గుళ్ళు, అవే బ్రిడ్జిలు, అదే రెండు గంటలు. మీ సాయంత్రం బాగా గడిచిందా లేదా అన్నది బోటు పేరు మీద కన్నా మూడు విషయాల మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఏ పియర్‌లో (అంటే బోటు ఎక్కే రేవులో) ఎక్కుతున్నారు, ఏ డెక్ (బోటు అంతస్తు) మీద కూర్చుంటున్నారు, ఎప్పుడు తింటున్నారు. ఈ మూడూ సరిగ్గా చూస్కుంటే మామూలు బోటులో కూడా హాయిగా ఉంటుంది, ఇవి తప్పితే ఎంత ఖరీదైన బోటైనా "ఏముంది, బఫే తిని వచ్చాం" అన్నట్టే అవుతుంది.

ముందు ఇవి రెడీగా పెట్టుకోండి

- వోచర్ స్క్రీన్‌షాట్. మెయిల్‌లో ఉంది కదా అని వదిలేయకండి, పియర్ దగ్గర జనం మధ్య సిగ్నల్ తిరుగుతూ ఉంటే చాలా చిరాకు.
- ఫోన్‌లో పాస్‌పోర్ట్ ఫొటో. సాధారణంగా అడగరు, అడిగితే ఉంటుంది.
- కాస్త బాత్ (థాయ్ కరెన్సీ) క్యాష్, చిన్న నోట్లలో.
- ట్యాక్సీ పిలవడానికి గ్రాబ్ లేదా బోల్ట్ యాప్, పనిచేసే లోకల్ సిమ్.
- చున్నీయో పల్చటి జాకెట్టో. కింద డెక్‌లో ఏసీ గట్టిగా కొడుతుంది, పైన గాలి.
- హోటల్ పేరు థాయ్ లిపిలో ఉన్న కార్డు, రిసెప్షన్‌లో అడిగితే ఇస్తారు. రాత్రి తిరిగొచ్చేటప్పుడు ట్యాక్సీ అతనికి చూపించడానికి.
- పడని వాళ్ళకి వాంతుల మాత్ర. నది ప్రశాంతంగానే ఉంటుంది కానీ పక్కనుంచి లాంగ్‌టెయిల్ బోట్లు దూసుకెళ్తే కాస్త ఊగుతుంది.

1. ముందు ఏ రోజో తేల్చుకోండి, బోటు తర్వాత

దిగిన రోజు సాయంత్రం మాత్రం పెట్టుకోకండి. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా అర్ధరాత్రి ఫ్లైట్లు ఎక్కుతారు, తెల్లవారుజామున దిగి నిద్రలేకుండా తిరిగి సాయంత్రం క్రూజ్ ఎక్కితే నది ఒడ్డున వాట్ అరుణ్ గుడి వచ్చేసరికి పిల్లలు ఒళ్ళో నిద్రపోతుంటారు, పెద్దవాళ్ళు కుర్చీలో. రెండో రోజో మూడో రోజో పెట్టుకోండి. ఇంకో విషయం, థాయ్‌లాండ్ టైము మనకన్నా గంటన్నర ముందు. అక్కడ ఏడున్నర అంటే మన పొట్టకి ఇంకా ఆరే, కాబట్టి సాయంత్రం నాలుగింటికి మాల్‌లో గట్టిగా తినేస్తే బఫే డబ్బు నీళ్ళపాలే.

మే నుంచి అక్టోబర్ దాకా వానలు. రోజంతా ముసురు పట్టదు గానీ సాయంత్రం పూట ఒక్కసారిగా దంచి కొట్టి ఆగిపోయే వాన ఎక్కువ. ఆ నెలల్లో వెళ్తుంటే పైడెక్ బుక్ చేసేముందు, వాన పడితే కింద చోటు ఇస్తారా లేదా అని అడగాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం బాగుంటుంది, రద్దీ కూడా అప్పుడే.

మన కార్తీక పౌర్ణమి రోజుల్లోనే అక్కడ లోయ్ క్రథోంగ్ వస్తుంది, అరటి బోదె ముక్క మీద ఆకులు, పూలు, దీపం పెట్టి నదిలో వదులుతారు. చూడ్డానికి చాలా బావుంటుంది కానీ ఆ రాత్రి రేట్లు పెరుగుతాయి, పియర్లు కిక్కిరిసిపోతాయి, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి. డిసెంబర్ 31 రాత్రి సంగతి వేరే, ఆ రోజుకి మామూలు టికెట్ పనిచేయదు, విడిగా స్పెషల్ రేటు.

బీర్ అదీ ఉండాలి అనుకునేవాళ్ళకి: విశాఖ బూచా, మాఖ బూచా లాంటి బౌద్ధ పర్వదినాల్లో మద్యం మీద ఆంక్షలు ఉంటాయి, మీ తేదీ అలాంటి రోజు పడిందేమో చూస్కోండి. అక్కడ తాగడానికి చట్టప్రకారం వయసు 20 నిండాలి.

2. ఎలాంటి క్రూజ్ కావాలో తేల్చుకోండి

పెద్ద బఫే బోట్లు: రెండు మూడు అంతస్తులు, వందల మంది జనం, లైవ్ సింగర్, చివర్లో డ్యాన్సులు. ఫ్యామిలీలకి, గ్రూపులకి ఇదే సరిపోతుంది. రేటు బోటుని బట్టి, బుక్ చేసే చోటుని బట్టి సుమారు 1000 నుంచి 2000 బాత్ మధ్యలో ఉంటుంది.

సెట్ మెనూ చిన్న బోట్లు: పాత బియ్యం పడవల్ని మార్చి తయారుచేసినవి కూడా ఉన్నాయి. నిశ్శబ్దంగా, టేబుల్ దగ్గరికే వడ్డన. జంటలకి బావుంటుంది, రేటు ఎక్కువ, తిండి కొసరి కొసరి పెడతారు. మన వాళ్ళకి కొందరికి కడుపు నిండదు, అది ముందే చెప్తున్నా.

ఇండియన్ క్రూజులు: ఇండియన్ బఫే, హిందీ పాటలు, డీజే. వెజ్ వాళ్ళకి ఇది బెంగ లేని దారి. కాకపోతే పాటల మోత మామూలుగా ఉండదు, నది చూస్తూ ప్రశాంతంగా కూర్చోవాలనుకునేవాళ్ళు ఇటు రాకండి.

సన్‌సెట్ క్రూజ్: సాయంత్రం ఐదు ప్రాంతంలో బయల్దేరేవి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. "సాయంత్రం క్రూజ్" అనగానే సూర్యాస్తమయం కనిపిస్తుంది అనుకుని ఏడున్నర బోటు బుక్ చేస్తారు. బ్యాంకాక్‌లో చలికాలంలో ఆరుకి కాస్త ముందే పొద్దు గుంకుతుంది, జూన్ జూలైలో ఆరున్నర దాటాక. ఏడున్నరకి పూర్తిగా చీకటే. ఆకాశం రంగులు కావాలంటే ఐదు బోటు, దీపాల వెలుగులో గుళ్ళు కావాలంటే ఏడున్నర బోటు. నన్నడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి రాత్రిదే మేలు, వాట్ అరుణ్ దీపాల్లోనే బావుంటుంది.

3. పియర్ సంగతి

డబ్బులు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. బోట్లు ముఖ్యంగా మూడు చోట్ల నుంచి బయల్దేరతాయి, ఒకే కంపెనీకి వేరే వేరే పియర్లలో వేరే వేరే బోట్లు కూడా ఉంటాయి. ఐకాన్‌సియామ్ దగ్గర ఎక్కాల్సినవాళ్ళు రివర్ సిటీకి వెళ్ళి నిలబడితే, అవతలి ఒడ్డున మీ బోటు కళ్ళముందే వెళ్ళిపోతుంది.

ఐకాన్‌సియామ్: 2018లో తెరిచిన పెద్ద మాల్, థోన్‌బురి ఒడ్డున. బీటీఎస్ ట్రైన్‌లో క్రుంగ్ థోన్‌బురి స్టేషన్‌లో దిగి గోల్డ్ లైన్ మారితే చరోన్ నఖోన్ స్టేషన్, దిగితే ఎదురుగా మాల్. ట్రాఫిక్‌తో పనిలేదు, బాత్రూములు, కూర్చునే చోటు అన్నీ ఉన్నాయి. పెద్దవాళ్ళు, పిల్లలు ఉంటే ఇదే ఎంచుకోండి.

రివర్ సిటీ: బ్యాంకాక్ వైపు ఒడ్డున, సి ఫ్రాయా ప్రాంతంలో. చాలా ఏళ్ళ నుంచి క్రూజులకి ఇదే అడ్డా. ట్రైన్ స్టేషన్ ఆనుకుని లేదు, చివర్లో కొంత నడకో ట్యాక్సీయో తప్పదు, సాయంత్రం ఆ సందుల్లో కార్లు కదలవు.

ఏషియాటిక్: జెయింట్ వీల్ ఉన్న నైట్ మార్కెట్, నదికి దిగువన. సఫాన్ టాక్సిన్ బీటీఎస్‌లో దిగి సాథార్న్ పియర్ నుంచి షటిల్ బోటులో వెళ్ళొచ్చు. ముందో తర్వాతో మార్కెట్ తిరగాలనుకునేవాళ్ళకి బావుంటుంది.

నానా, అసోక్ వైపు హోటళ్ళలో ఉండేవాళ్ళు సియామ్ బీటీఎస్ స్టేషన్‌లో సిలోమ్ లైన్‌కి మారితే చాలు, సఫాన్ టాక్సిన్‌కైనా క్రుంగ్ థోన్‌బురికైనా అదే లైన్. ప్రతునామ్‌లో దిగేవాళ్ళు ముందు దగ్గర్లోని బీటీఎస్ స్టేషన్‌కి నడిచో ట్యాక్సీలోనో చేరి అక్కణ్ణుంచి ట్రైన్ పట్టుకోండి. ప్రతునామ్ నుంచి నదిదాకా ట్యాక్సీ అంటే సాయంత్రం ఆరింటికి అది జూదమే.

4. డెక్, సీటు

మీ వోచర్‌లో ఏముందో చదవండి, "రివర్ వ్యూ" అన్న మాట చూసి కిటికీ పక్క సీటు అనుకోకండి. బోటులో ఎక్కడ కూర్చున్నా నది కనిపిస్తుంది కదా, అందుకే అందరికీ రివర్ వ్యూ అని రాస్తారు. "విండో సీట్ గ్యారంటీ" అని స్పష్టంగా ఉంటేనే కిటికీ. అది కొన్ని బోట్లలో కాస్త ఎక్కువ డబ్బు కడితే ఇస్తారు, కొన్నిట్లో అసలు ఉండదు.

పైడెక్ ఓపెన్‌గా ఉంటుంది, ఫొటోలకి, చూడ్డానికి అదే. ఉక్కపోత ఉంటుంది, బోటు కదిలాక గాలి తగులుతుంది కాబట్టి పర్లేదు. కింద ఏసీ డెక్ అద్దాల్లోంచి చూడటమే, రాత్రి పూట లోపలి లైట్లు అద్దంలో పడి బయట గుడి కన్నా మీ పక్క టేబుల్ వాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. పైకి మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటే బఫే ఏ అంతస్తులో పెడతారో కనుక్కుని అదే అంతస్తు అడగండి. పళ్ళెం పట్టుకుని కదిలే బోటులో మెట్లెక్కడం ఎవరికీ మంచిది కాదు.

రాజీ మార్గం ఒకటి ఉంది. కింద సీటు తీసుకుని, పైడెక్ మీద అందరూ నిలబడి చూసే చోటు ఉందో లేదో ముందే అడగడం. చాలా బోట్లలో ముందు వైపు అలాంటి చోటు ఉంటుంది, తిన్నాక అక్కడికెళ్ళి నిలబడొచ్చు.

5. రేటు చూసేటప్పుడు

రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జి, 7 శాతం వ్యాట్ పడతాయని అర్థం. 1000 ప్లస్ ప్లస్ అంటే చివరికి కట్టేది 1177 బాత్. "నెట్" అని ఉంటే అదే ఫైనల్. రెండు బోట్లు పోల్చేటప్పుడు ఈ తేడా చూడకుండా పోల్చకండి.

డ్రింక్స్ విషయం కూడా. చాలా టికెట్లలో మంచినీళ్ళు, ఎక్కగానే ఇచ్చే వెల్‌కమ్ డ్రింక్ వరకే కలిసి ఉంటాయి. కోక్, బీర్ అన్నీ విడిగా. హోటల్ నుంచి పికప్ కలిపి ఇచ్చే ప్యాకేజీలు చూడ్డానికి ఊరిస్తాయి కానీ వ్యాన్ నాలుగు హోటళ్ళు తిరిగి ఎక్కించుకుంటుంది, ఆ ట్రాఫిక్‌లో ముందే ఐదింటికి రమ్మంటారు. ట్రైన్ దగ్గర్లో ఉంటే పికప్ వద్దు.

పిల్లల టికెట్ కొన్నిచోట్ల వయసుని బట్టి, కొన్నిచోట్ల ఎత్తుని బట్టి. వయసు తగ్గించి చెప్దాం అనుకునేవాళ్ళు, అక్కడ గోడ మీద స్కేల్ గీసి ఉంటే ఏం చేస్తారో ఆలోచించుకోండి.

క్లూక్ లాంటి యాప్‌లలో, బోటు వాళ్ళ సొంత సైట్‌లో, ట్రావెల్ ఏజెంట్ దగ్గర, మూడుచోట్లా చూడండి. యాప్‌లో తరచుగా తక్కువ ఉంటుంది, కానీ క్యాన్సిలేషన్ రూల్ చదవాలి. ఒక్కోసారి చవకది నాన్ రిఫండబుల్, కాస్త ఎక్కువది ముందురోజు దాకా ఫ్రీ క్యాన్సిల్. వానాకాలంలో రెండోదే తీసుకోండి. ఫుట్‌పాత్ మీద ఫొటోల ఆల్బమ్ పట్టుకుని నిలబడేవాళ్ళ దగ్గర మాత్రం వద్దు.

6. వెజ్ వాళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి

థాయ్ వంటలో ఫిష్ సాస్ మన ఉప్పు లాంటిది, దాన్ని వాళ్ళు మాంసం కింద లెక్కేయరు. కూరగాయల వేపుడు అని పెట్టినదాంట్లో ఆయిస్టర్ సాస్ ఉంటుంది, బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు, కూర పేస్టుల్లో రొయ్యల ముద్ద. పళ్ళెంలో ముక్క కనిపించలేదు కదా అని వేసుకుంటే అంతే సంగతులు. "నో మీట్" అని చెప్తే "ఓకే ఓకే" అంటారు, వాళ్ళ దృష్టిలో నిజంగానే ఓకే.

కాబట్టి బుకింగ్‌లో రిమార్క్స్ అనే చోట చేపా రొయ్యా ఫిష్ సాస్ ఆయిస్టర్ సాస్ గుడ్డు ఏవీ వద్దని విడివిడిగా రాయండి. ఒక్క "వెజ్" అన్న మాట చాలదు. తర్వాత మెయిల్ పెట్టి "మా వోచర్ నంబర్ ఇది, ఇంతమందికి వెజ్, ఏమేం పెడతారు" అని అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. రెండు రోజులైనా జవాబు రాకపోతే వేరే బోటు చూసుకోవడమే, ఎందుకంటే మెయిల్‌కే పలకనివాళ్ళు ఆ రాత్రి వంటగదిలో పలుకుతారని నమ్మకం లేదు.

అక్కడ "జే" అనే పద్ధతి ఒకటుంది, మాంసం చేప గుడ్డు పాలతో పాటు ఉల్లి వెల్లుల్లి కూడా లేని భోజనం. ఉల్లి వెల్లుల్లి తినని పెద్దవాళ్ళు ఉంటే "కిన్ జే" అనండి, వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ఫిష్ సాస్ వద్దంటే "మై సై నామ్ ప్లా". ఇవి తెలుగులో రాసుకుని ఫోన్‌లో పెట్టుకోండి, పలకడం కుదరకపోతే ట్రాన్స్‌లేట్ యాప్‌లో థాయ్‌లో చూపించండి. జైన్ మీల్ ఇస్తామనే బోట్లు ఉన్నాయి, అవి ముందే చెప్పాలి, అక్కడికెళ్ళి అడిగితే దొరకదు.

బఫేలో ఇంకో చిక్కు, చెంచాలు. రొయ్యల గిన్నెలో పెట్టిన గరిటే పక్కనున్న అన్నం గిన్నెలోకి వస్తుంది, జనం చూసుకోరు. అది పట్టించుకునేవాళ్ళు ఉంటే బఫే తెరవగానే మొదట వెళ్ళి తెచ్చేసుకోవాలి, లేదా ఇండియన్ బోటు. అత్తయ్యగారిని తీసుకెళ్ళి మూడుగంటల తర్వాత ఆకలితో రూముకి తెచ్చేకన్నా హిందీ పాటలు భరించడం నయం.

7. బుక్ చేశాక వెంటనే చెక్ చేసుకోండి

వోచర్ తెరిచి ఇవి చూడండి: తేదీ, పియర్ పేరు, చెక్-ఇన్ టైము, బోటు బయల్దేరే టైము, డెక్, పెద్దలెంతమంది పిల్లలెంతమంది, వెజ్ రిమార్క్ పడిందా లేదా. చెక్-ఇన్ టైముకీ బయల్దేరే టైముకీ అరగంట నుంచి గంట తేడా ఉంటుంది, రెండో టైము గుర్తుపెట్టుకుని వెళ్ళేవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడేది.

థాయ్‌లో ఇచ్చే రసీదుల మీద సంవత్సరం 2569 అని కనిపిస్తే కంగారు పడకండి, వాళ్ళది బౌద్ధ శకం, మన సంవత్సరానికి 543 కలిపితే వస్తుంది. 2026 అంటే 2569.

ముందురోజు ఇంకోసారి మెయిల్ చూడండి, నీటిమట్టం వల్లో రాజకుటుంబం కార్యక్రమాల వల్లో పియరో టైమో మార్చడం జరుగుతుంటుంది. మార్చినట్టు మెయిల్ వచ్చి స్పామ్‌లో పడి ఉంటుంది, అదీ చూడండి.

8. పియర్‌కి వెళ్ళడం

చెక్-ఇన్ టైముకి ఇంకో అరగంట ముందు అక్కడ ఉండేలా బయల్దేరండి. సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర మధ్య రోడ్డు మీద ఆధారపడొద్దు. దారిలోనో సాథార్న్ పియర్ దగ్గరో ఎవరైనా వచ్చి "మీ బోటు క్యాన్సిల్, ఈ బోటు ఎక్కండి" అన్నా, "ఆ పియర్ ఈరోజు మూసేశారు" అన్నా ఆగకుండా నడిచిపోండి. కౌంటర్ దగ్గర యూనిఫామ్‌లో ఉన్నవాళ్ళు చెప్పిందే లెక్క.

బట్టల విషయంలో పెద్ద పట్టింపులేమీ లేవు గానీ కొన్ని బోట్లు స్లీవ్‌లెస్ బనియన్లు, బాత్రూం చెప్పులు ఒప్పుకోవు. ఈ-సిగరెట్లు థాయ్‌లాండ్‌లో నిషేధం, జేబులో ఉంటే అసలు ఆ దేశానికే తీసుకెళ్ళకండి.

9. చెక్-ఇన్

ఒకే పియర్‌లో ఆరేడు కౌంటర్లు పక్కపక్కనే ఉంటాయి, అన్నిటి ముందూ క్యూ ఉంటుంది. క్యూ చివర నిలబడేముందు ముందుకెళ్ళి బోటు పేరు చదివి రండి. వోచర్ చూపిస్తే రంగు స్టిక్కరో కాగితమో ఇస్తారు, దాని మీద టేబుల్ నంబర్, డెక్ ఉంటాయి. అక్కడే, కౌంటర్ దగ్గరే, డెక్ సరిగ్గా ఉందా, వెజ్ అన్న మాట వాళ్ళ దాకా చేరిందా అని అడగండి. బోటు ఎక్కాక మార్చడం దాదాపు కుదరదు, కౌంటర్‌లో అయితే ఇంకా ఖాళీలు ఉంటాయి.

ఎక్కేముందు థాయ్ బట్టల్లో అమ్మాయిలు పక్కన నిలబడి ఫొటో తీయిస్తారు. దిగేటప్పుడు అది ఫ్రేము కట్టి అమ్ముతారు. కొనాలని రూల్ లేదు, నవ్వి వద్దంటే సరిపోతుంది.

ఎక్కేటప్పుడు పియర్‌కీ బోటుకీ మధ్య సందు ఊగుతూ ఉంటుంది, పిల్లల చెయ్యి పట్టుకోండి, ఫోన్ జేబులో పెట్టండి. లోపలికెళ్ళగానే లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో, బయటికెళ్ళే దారి ఎటో చూస్కుని తర్వాత కూర్చోండి.

10. మొదటి గంట: తినకండి, చూడండి

బోటు కదలగానే బఫే దగ్గర తోపులాట మొదలవుతుంది. ఐకాన్‌సియామ్, రివర్ సిటీల నుంచి బయల్దేరిన బోటు అరగంట అటూఇటూగా వాట్ అరుణ్ దగ్గరికి వచ్చేస్తుంది, అప్పుడు సగం జనం పళ్ళేలతో క్యూలో ఉంటారు. మీరు ఒక చిన్న ప్లేటు ఏదో తెచ్చుకుని కూర్చోండి, అసలు భోజనం తర్వాత. ఏషియాటిక్ నుంచి ఎక్కితే మాత్రం ఆ దూరం ఎక్కువ, కాబట్టి తీరిగ్గా ముందే తినేయొచ్చు.

చాలా బోట్లు ముందు ఎగువకి, అంటే ఉత్తరానికి వెళ్తాయి. రివర్ సిటీ దాటాక ఫ్రా పొక్ క్లావ్ బ్రిడ్జి, దాని పక్కనే 1932లో కట్టిన మెమోరియల్ బ్రిడ్జి. పైడెక్ మీద ఉన్నవాళ్ళని బ్రిడ్జిల కింద కూర్చోమంటారు, సెల్ఫీ స్టిక్ పైకెత్తకండి, నవ్వులాట కాదు. తర్వాత కుడిపక్క పూల మార్కెట్ ప్రాంతం, ఎడమపక్క వాట్ కల్యాణమిత్, కాస్త ముందుకెళ్ళగానే ఎడమ ఒడ్డున వాట్ అరుణ్. అది దాటీ దాటగానే కుడివైపు గ్రాండ్ ప్యాలెస్ గోపురాలు. తర్వాత ఎడమపక్క సిరిరాజ్ హాస్పిటల్, పిన్‌క్లావ్ బ్రిడ్జి, కుడిపక్క తెల్లగా ఫ్రా సుమేన్ కోట, చివర్లో ఒకే స్తంభానికి తీగలన్నీ కట్టినట్టుండే రామ 8 బ్రిడ్జి. 2002లో తెరిచారు దాన్ని. అక్కడ బోటు తిరుగుతుంది.

అంటే వెళ్ళేటప్పుడు ఎడమపక్క సీటువాళ్ళకి వాట్ అరుణ్, కుడిపక్కవాళ్ళకి ప్యాలెస్, వచ్చేటప్పుడు అటూఇటూ మారుతుంది. తప్పు సీటు అంటూ ఏదీ లేదు, ఎప్పుడు లేచి నిలబడాలో తెలిస్తే చాలు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి పెట్టుకుంటే ఇంకా ఎంత దూరముందో తెలుస్తూ ఉంటుంది.

ఫొటోలకి ఫ్లాష్ తీసేయండి, అది గుడి దాకా వెళ్ళదు, ముందున్న రెయిలింగే తెల్లగా పడుతుంది. నైట్ మోడ్ కదిలే బోటులో మసకగా వస్తుంది, దానికన్నా వీడియో తీసి అందులోంచి ఫ్రేము తీసుకోండి. అద్దం లోపలినుంచైతే ఫోన్‌ని అద్దానికి ఆనించి తీయాలి. ఒకటి తీసి వెంటనే జూమ్ చేసి చూడండి, గుడి అంచులు స్పష్టంగా ఉన్నాయంటే అదే పద్ధతిలో మిగతావి, లేదంటే మార్చండి. అంతా అయ్యాక రూములో చూసుకుంటే లాభం లేదు.

11. తర్వాత తిండి

రామ 8 దగ్గర బోటు తిరిగేసరికి బఫే క్యూ పల్చబడుతుంది, అప్పుడు వెళ్ళండి. రొయ్యల గ్రిల్, సాల్మన్ లాంటివి ముందే అయిపోతాయేమో అని భయపడేవాళ్ళు వాటి వరకు మొదట ఒక ప్లేటు తెచ్చుకోండి. పచ్చి సీఫుడ్ అలవాటు లేని పొట్టలు ఆ రాత్రే ప్రయోగం చేయకపోవడం మంచిది, మర్నాడు పొద్దున పట్టాయా బస్సు ఉంటే అసలే వద్దు. డ్రింక్స్ ఆర్డర్ ఇచ్చిన ప్రతిసారీ రేటు మెనూలో చూసి చెప్పండి. బఫే చివరి అరగంటలో సర్దేస్తారు, ఐస్‌క్రీమ్ కావాలన్న పిల్లల్ని ఆ లోపే పంపండి.

బిల్లు వచ్చాక గ్లాసుల లెక్క, సర్వీస్ ఛార్జి రెండుసార్లు పడలేదు కదా అన్నది చూడండి. టిప్పు తప్పనిసరి కాదు. సింగర్ టేబుల్ దగ్గరికి వచ్చి మీ పాట పాడితే ఒక చిన్న నోటు ఇవ్వడం మామూలు.

12. దిగాక

తొమ్మిదిన్నర, పదికి అన్ని బోట్లూ ఒకేసారి ఖాళీ అవుతాయి. వందల మంది ఒకే గేటు దగ్గర గ్రాబ్ నొక్కితే రేటు పెరుగుతుంది, కారు దొరకదు, దొరికినా లోపలికి రాలేదు. ఐకాన్‌సియామ్ అయితే నేరుగా గోల్డ్ లైన్‌కి వెళ్ళిపోండి, ట్రైన్లు అర్ధరాత్రి దాకా ఉంటాయి. రివర్ సిటీ అయితే మెయిన్ రోడ్డు దాకా నడిచి అక్కణ్ణుంచి బుక్ చేయండి. ఏషియాటిక్ వాళ్ళు షటిల్ బోటు ఆఖరు టైము వెళ్ళేటప్పుడే కనుక్కోండి. పియర్ ముందు మీటరు వెయ్యనంటూ నిలబడే ట్యాక్సీలు, టుక్‌టుక్‌లు చెప్పే రేటుకి ఒప్పుకునేముందు యాప్‌లో ఎంత చూపిస్తోందో చూడండి.

ఏదైనా తేడా కొడితే

బోటు మిస్సయితే కౌంటర్‌కే వెళ్ళి, ఇంకో పియర్ నుంచి వాళ్ళదే బోటు ఇంకా ఉందా, రేపటికి మారుస్తారా అని మర్యాదగా అడగండి. రూల్ ప్రకారం డబ్బు రాకపోవచ్చు, కానీ సీట్లు ఖాళీగా ఉంటే మార్చేవాళ్ళు ఉన్నారు. గొంతు పెంచితే మాత్రం పని జరగదు, అక్కడ అరిచేవాళ్ళకి ఎవరూ సాయం చేయరు. వాన పడితే బోటు ఆగదు, పైడెక్ వాళ్ళని లోపలికి పంపుతారు, అంతే. వాన వల్ల రిఫండ్ అడిగినా ఇవ్వరు.

ఇంత ఖర్చు ఎందుకు అనిపిస్తే వేరే దారులు ఉన్నాయి. సాయంత్రం సాథార్న్ పియర్ నుంచి ఆరెంజ్ జెండా ఎక్స్‌ప్రెస్ బోటు (ఊళ్ళోవాళ్ళు రోజూ తిరిగే మామూలు బోటు) ఎక్కితే చాలా తక్కువ టికెట్‌లో ఇదే నది, ఇవే గుళ్ళు, అయితే ఆ బోట్లు రాత్రి దాకా తిరగవు కాబట్టి పొద్దు వాలకముందే ఎక్కాలి. తా తియన్ పియర్ దగ్గర దిగితే ఎదురుగా అవతలి ఒడ్డున వాట్ అరుణ్ కనిపించే రెస్టారెంట్లు వరసగా ఉన్నాయి. నది వైపు టేబుల్ ముందే రిజర్వ్ చేసుకోండి, అప్పటికప్పుడు వెళ్తే వెనక వరసే దొరుకుతుంది. అక్కడైతే గుడి కదలదు, మీరు తినేంతసేపూ ఎదురుగానే ఉంటుంది, ఫొటోలూ బాగా వస్తాయి. చిన్నపిల్లలున్నవాళ్ళకీ, నీళ్ళంటే భయపడే పెద్దవాళ్ళకీ నేనైతే ఇదే చెప్తాను.